పన్నెండో చీటీ

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
టేబుల్ ఒకటే.
నెట్టుకు ఎడమ పక్క బిగింపు ఊడిపోతే
సైకిల్ ట్యూబు కోసి కట్టినాం.
ఆడేటప్పుడు ఫ్యాను ఆపాల,
గాలికి బంతి దారి తప్పుతుంది.
మే నెలలో ఈ ఒక్క నియమానికే
ముగ్గురు పేర్లు కొట్టేయించుకున్నారు.

మిగిలింది పదకొండు మంది.
జతల ఆటకు పదకొండు ఏం లెక్కప్పా
అని తిప్పేస్వామి నవ్వినాడు.
ముప్పై ఏండ్లు పార్సిల్ ఆఫీసులో
మూటలు లెక్కబెట్టినోణ్ణి,
ఒకటి తక్కువైతే నిద్ర పట్టదు నాకు.
పన్నెండో చీటీ మీద నా పేరే రాసుకున్నా.

చెయ్యి తిరిగినోళ్లు ఆరుగురు గార్డు టోపీలో,
నేర్చుకునేటోళ్లు ఆరుగురు మంకీ క్యాపులో.
ఎలిశమ్మ టీచరు కూతురు
కండ్లు గట్టిగా మూసుకొని
రెండు చేతులూ ఒకేసారి పెట్టి తీసింది.
నోటుబుక్కు మొదటి పేజీలో
ఎర్ర సిరాతో ముందే రాసి పెట్టినా:
పడిన జత పడినట్టే.

ఆరు జతలు, పదైదు ఆటలు.
కష్టం ఆట కాదు, తేదీలు.
కుల్లాయప్ప గూడ్సు నడుపుతాడు,
రాయచూరు పోయినోడు ఎప్పుడొస్తాడో
సిగ్నలుకే ఎరుక.
రోజామణికి బుకింగ్ కౌంటర్లో రాత్రి షిఫ్టు.
డ్యూటీ చార్టు పక్కన పెట్టుకొని
గీత గీసి, చెరిపి, మళ్లీ గీసి,
మంగళవారం కాడ కాగితానికి బొక్కే పడింది.
పదైదు నిమిషాల్లో రాకుంటే ఓడినట్టు
అని రాసినా.
దాని కింద పెన్సిలుతో:
బండి లేటైతే ఈ నియమం లేదు.

నాలుగో జత చదివేటప్పుడు
నా గొంతు నాకే వినపడలేదు.
దాదాపీర్, వన్నూరప్ప.
ఒకే గోడకు అటూ ఇటూ క్వార్టర్లు,
కొళాయి కాడ బిందె ముందా వెనకా అని
మాట పెరిగి ఆరేండ్లు.
పిల్లకేం తెలుసు.
అందరూ నన్ను చూసినారు,
నేను ఎర్ర సిరాను చూసినా.

ఈ ఆటలో
వరసగా రెండుసార్లు కొట్టే హక్కు ఎవడికీ లేదు.
కొట్టినోడు పక్కకు తప్పుకోవాల,
వాడు నిలబడిన చోట్లోకే
రెండోవాడు రావాల.
మొదటి ఆటలో ఇద్దరూ తప్పుకోలేదు.
భుజం భుజం గుద్దుకొని
బంతి బీరువా కిందికి పోయింది.
రెండు, మూడు, రెండు:
మూడు గేములూ కలిపి ఏడు పాయింట్లు.
రెండో ఆట కూడా అంతే.

మూడోదాంట్లో వన్నూరప్ప సర్వీసు.
టేబుల్ కింద, ఎదుటోళ్లకు కనపడకుండా,
దాదాపీర్ రెండు వేళ్లు చూపించినాడు.
వన్నూరప్ప ఆ వేళ్లను చూసినాడు.
చానాసేపు చూసినాడు.
స్కోరు అడగడానికి నోరు తెరిచినోణ్ణి
నేను మూసుకున్నా.
బంతి ఎడమకు పడింది,
వన్నూరప్ప తప్పుకున్నాడు,
దాదాపీర్ వచ్చినాడు.

ఆ తర్వాత గెలిచింది రెండే.
నాలుగో స్థానం.
మాట మాత్రం లేదు.
ఇంటికి పోయేటప్పుడు కూడా
రోడ్డుకు ఆ పక్క ఒకడు, ఈ పక్క ఒకడు,
దీపం కింద నీడలే అప్పుడప్పుడు తగిలేటివి.

కప్పు తిప్పేస్వామి, ఓబులేసు జతకు పోయింది.
రోజామణి, నేనూ ఐదింటికి ఐదూ ఓడినాం.
అన్నా, నువ్వు లెక్కలు బాగా రాస్తావు
అనింది ఆ యమ్మ, పాపం.
ఉగ్గాని, బజ్జీల ఖర్చు పోను
నలభై రూపాయలు, పగలని బంతులు మూడు
నా దగ్గరే ఉన్నాయి.

నిన్న దాదాపీర్ వచ్చినాడు,
వచ్చే ఏటికి పేరు రాసుకోమని.
ఇంకా పది నెలలుంది కదప్పా అంటే
రాసుకో అన్నాడు.
వాకిలి దాకా పోయి నిలబడినాడు.
మళ్లా చీటీలేనా?
చీటీలే.
టోపీలు నీ దగ్గరే కదా ఉండేది
అని, చెప్పులు వేసుకొని పోయినాడు.

నియమం నియమమే.
లోతు తక్కువ టోపీ ఒకటి
వెతుకుతా ఉన్నా.