తరుగు

హిందూపురం యార్డులో ముప్పైరెండేళ్లు
చింతపండుకు కాటా పట్టినవాణ్ణి.
బస్తా మీద చెయ్యి వేస్తే చాలు, చెప్పేవాణ్ణి
పండెంత, తడెంత, గింజెంత అని.
రైతు ఒట్టు పెట్టుకున్నా వినకుండా
తరుగు రాసేవాణ్ణి.

ఇప్పుడు బెంగళూరులో
హోసూరు రోడ్డు పక్క సందులో, లాడ్జి మూడో అంతస్తులో
అశ్వత్థమ్మకు పొడి కలుపుతున్నాను.

మూడు చెంచాలు. గోరువెచ్చని నీళ్లు. ఉండ కట్టకూడదు.
చెంచా అంటే ఇంటి చెంచా కాదు,
డబ్బాలోనే పూడుకుని వచ్చే ప్లాస్టిక్‌ది.
అంచుకు సమంగా గీసి పొయ్యాలంట.
గీయడం నాకొకరు నేర్పాలా!

"పెళ్లి విస్తట్లో కరిగిపోయిన ఐస్‌క్రీము మాదిరి వాసన"
అంటుంది ఆమె.
ముక్కు మూసుకుని ఒక గుక్క,
గోడవైపు తిరిగి ఇంకో గుక్క.
సంగటి ముద్ద నమలకుండా మింగిన గొంతు
నీళ్లలాంటి దాన్ని పట్టుకుని
అరగంట ఆలోచిస్తుంది.

డైటీషియన్ చైత్ర, మా మనవరాలి ఈడు పిల్ల,
సగం కన్నడం సగం తెలుగులో చెప్పింది:
"కోత పెట్టకముందే ఒంట్లో సరుకుండాలి అజ్జా,
కుట్టు మానేది దాంతోనే.
పదిరోజులు తాగించు. బరువు నిలిస్తే గురువారం ఆపరేషన్."

డబ్బా ఆరు రోజులకే అయిపోతుంది.
డబ్బా ఒకటికి ఆరు కిలోల కరిపులి.
నా తలలో లెక్క ఇంకా అట్లే పడుతుంది.
ఎదురుగదిలో రాయచూరాయన డబ్బా కొనలేక
వేరుశనగలు, పుట్నాలు, పాలపొడి కలిపి నూరుతాడు.
దానికీ తల ఊపింది చైత్ర.
రాత్రి పది దాకా ఆ రోటి చప్పుడు.

మంగళవారం కాటా ఎక్కింది మా ఆవిడ.
నలభై రెండూ నాలుగొందలు.
చైత్ర నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
పొద్దున మంచం మీంచి లేపిన చేతులు ఇవి,
వీటికి తెలుసు.
ఆరొందల గ్రాములు తేడా.

రొంటిన దోపుకుంది:
లాడ్జి తాళంకప్ప,
చేతిగుడ్డలో కట్టిన చిల్లర.

బస్తా అడుగున రాళ్లు పెట్టి తెచ్చిన వాళ్లను
నలుగురిలో నిలబెట్టి పరువు తీసినవాణ్ణి.
వాళ్లింట్లో ఎవరికి ఏ గురువారం ఉండిందో
ఒక్కరినీ అడిగింది లేదు.

"దిగు" అన్నాను.
ముడి నేనే విప్పాను.
ఆమె నా మొహం చూడలేదు.
"వాయిదా వేస్తారు. నువ్వు ఇంకో డబ్బా కొనాల" అంది,
గోడకు చెప్పినట్టు.

నలభై ఒకటీ ఎనిమిదొందలు.
చైత్ర పాత కాగితం తిరగేసింది.
"వచ్చినప్పుడు నలభై ఒకటీ ఆరు.
రెండొందలు పెరిగింది అజ్జి, తగ్గలేదు."
గురువారం అని మాత్రం అనలేదు.
డాక్టరును అడిగి చెప్తానంది.

తాళంకప్ప తెచ్చి తలుపుకు వేలాడదీశాను.
డబ్బా అడుగు గీకి చెంచా నింపాను.
అంచు మీద కుప్పగా నిలిచింది పొడి.
గీయలేదు. అట్లే పోశాను.
ముప్పైరెండేళ్లలో
ఎవరికీ వెయ్యని కొసరు.

"ఉండ కట్టింది" అంది అశ్వత్థమ్మ.
ముక్కు మూసుకుంది.
తాగింది.