ముప్పై ఆరు

దీపాలు పెట్టే వేళ దాటాక
లారీని సందులోకి తెచ్చి
ముక్కు సొసైటీ గొడౌను గోడకేసి నిలబెట్టాడు మా ఆయన.
చెంబుతో నేల మీద నీళ్ళు పోసి చూశాడు.
ఏ పక్కకీ పారలేదు, పోసినచోటే ఇంకిపోయాయి.
"సమంగానే ఉంది. నీ టేపు పట్రా."

జాకెట్లకి కొలతలు తీసే టేపు అది.
అరవై అంగుళాలు. అంచు కాస్త అరిగింది.
గోడ నుంచి బండి దాకా ఐదుసార్లు పరిచాను,
చీకట్లో వంగి, ప్రతిసారీ బొటనవేలితో మట్టిలో గుర్తు పెట్టి.
ఇరవై ఐదు అడుగులు.
తరవాత నేల నుంచి లైటు నడిబొడ్డుకి:
ముప్పై ఆరు.
మా వీధిలో సగం మంది ఆడవాళ్ళ కొలత ఇదే అన్నాను.
నవ్వలేదు.

మూడు రోజుల్నించీ నవ్వడం లేదు.

గోడ మీద సిమెంటు ప్రకటన ఏనుగు వెలిసిపోయి ఉంది.
దాని కడుపు మీదుగా, బట్టల మీద గీసే సుద్దతో
అడ్డంగా ఒక గీత,
ఒక్కో లైటుకీ ఎదురుగా నిలువునా ఒక్కోటి.
గోనెసంచి కప్పి బండి కుడికన్ను మూశాడు.
మా అమ్మని కంటాసుపత్రికి తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది.
ఒక కన్ను మూసి, గోడ మీద అక్షరాలు చదవమన్నారు.
అమ్మకి అక్షరాలు రావు.
"ఏటి చదవను బాబూ" అంది.

స్విచ్చేశాడు.
వెలుగు నా గీత దగ్గర ఆగడం మాట అలా ఉంచి
ఏనుగు వీపు కూడా దాటి
గొడౌను రేకుల కింద పావురాల్ని లేపింది.
"కళ్ళు నెత్తికెక్కాయి నీ బండికి" అన్నాను.

అప్పుడు చెప్పాడు,
స్క్రూ మీంచి తల ఎత్తకుండా.

"బాడంగి దాటాక. తెల్లారగట్ట.
మోపెడ్ మీద పాలాయన.
చెయ్యి ఇలాగ కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.
మరి కనిపించలేదు.
దిగి చూస్తే చేలో ఉన్నాడు.
పాలు పారిపోతన్నాయి నా లైటులో.
ఎంత తెల్లగున్నాయనుకున్నావు.
తిడతాడనుకున్నాను.
'ఆ లైట్లు ఆపు బాబూ, చెప్పులు కనపళ్ళేదు' అన్నాడు."

ఆపేశాడట.
చీకట్లో ఇద్దరూ తడుముకుంటూ వెతికారట.
ఒకటే దొరికిందట.

పై స్క్రూ తుప్పు పట్టింది.
కుట్టుమిషను నూనె తెచ్చి రెండు చుక్కలు వేశాను.
కాసేపాగి తిప్పితే కిర్రుమంది.
"దించు. ఇంకా. ఇంకొంచెం.
ఎడమకి జరిగిపోయింది సూడు, పక్క స్క్రూ.
ఆఁ. ఒగ్గేయ్."
చెబుతూ అటూ ఇటూ తిరుగుతుంటే
నా నీడ ఏనుగు కడుపులోంచి నడిచింది.
వెలుగు అంచు దిగింది,
పిల్లి ఒక్కో మెట్టూ దిగినట్టు,
నా గీతకి రెండంగుళాలు కింద కూచుంది.
గోనె మార్చి, రెండో కన్నూ అంతే.

"అయిపోనాది!" అని అరిచాడు క్లీనరు సోములు.

అవలేదన్నాను.
ఇప్పుడిది ఖాళీ బండి.
రేపు రామభద్రపురం మార్కెట్లో వంకాయలెక్కితే
వెనక కుంగుతుంది, ముక్కు పైకి లేస్తుంది.
ఎదిగే పిల్లకి జాకెట్టు కుట్టేటప్పుడు
రెండంగుళాలు లోపలికి మడిచి దాస్తాను నేను,
తల్లి అడక్కపోయినా.
"ఇంకో రెండు దించు."
నా వంక చూశాడు. దించాడు.

తెల్లారి వాచ్‌మన్ తిరుపతిరావు గోడ ముందు నిలబడి
ఎవరు గీశారమ్మా ఇవి, రోడ్డు వెడల్పు చేస్తారా అన్నాడు,
భయంగానే.
కాదు బాబాయ్, కళ్ళ పరీక్ష అన్నాను.
సాయంత్రానికి పిల్లలు వాటినే వికెట్లు చేసుకున్నారు.

రాత్రి పదకొండుకి ఫోను, ఘాటీ మీంచి.
"ఏడు బళ్ళు ఎదురొచ్చాయి.
ఎవడూ ఏటీ అన్లేదు."
ఇది కూడా ఫోను చేసి చెప్పే సంగతేనా అన్నాను.
అటువైపు ఇంజిను చల్లారుతున్న టిక్కు టిక్కు.
తరవాత, మెల్లిగా,
"ఆ పాలాయన కాలు ఎంతుంటాదంటావు?"

మనిషి ఎంతెత్తుంటాడు అని అడిగాను,
టేపు కోసం చెయ్యి చాపుతూ.