మూడో ఆకు

వ్లాస్తిమిల్,
నీ కూతురు ఇవాళ నీ అనూబియాస్ తెచ్చిచ్చింది,
తడి న్యూస్‌పేపర్లో చుట్టి, కోటు లోపల దాచి,
పిల్లికూనని తెచ్చినట్టు.
ఓస్ట్రావా అంతా మంచు. ట్రామ్ నలభై నిమిషాలు ఆగిపోయిందట.
టీ కూడా తాగలేదు. "ట్యాంకు అమ్మేశాను" అంది, అంతే.

అంటురోగాల వార్డులో ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీ చేసినదాన్ని,
బయటనుంచి వచ్చిన దేన్నీ
నేరుగా లోపలికి రానివ్వను.
నీదైనా సరే.

దీపం కింద ఆకు తిప్పి చూశాను.
ఉడికిన సగ్గుబియ్యంలా నత్త గుడ్లు,
అంచు పొడవునా నల్లగడ్డం నాచు.
గనిలోంచి పైకొచ్చి, స్నానం చేసొచ్చాక కూడా
నీ కనురెప్పల మొదట్లో మిగిలిపోయే మసి
ఎంత రుద్దినా వదిలేది కాదు కదా.

బకెట్లో పటిక కరిగించాను. మూడు గంటలు.
నత్తలు ఒక్కొక్కటే పట్టు వదిలి అడుక్కి రాలాయి,
చప్పుడు లేదు.
తర్వాత బ్లీచ్. ఇరవై పాళ్ల నీళ్లకి ఒక పాలు,
రెండంటే రెండే నిమిషాలు,
వార్డులో పెట్టుకున్న వాచీయే చూసుకుంటూ.
నాచు ఎర్రబారింది. రేపటికి తెల్లబడుతుంది.
నీ గడ్డానికి పదకొండు రోజులు పట్టింది, ఆసుపత్రిలో.

దుంపని చెక్కకి కట్టిన దారం మిగిలింది.
నల్ల నూలు, మూడు చుట్లు,
ఆ ముడి ఎలా వేస్తావో ఎన్నిసార్లడిగినా చూపించలేదు నువ్వు.
పురుగు దాక్కునేది సరిగ్గా అక్కడే.
కొత్త నర్సులకి నేను చెప్పిందీ అదే: కట్టు విప్పకుండా పుండు కడగొద్దు.
కత్తెర పెట్టాను. తీశాను.
రేడియేటర్ టిక్కుటిక్కుమంటోంది.
కోశాను.

ఏడు నీళ్లు మార్చాను. ముక్కు దగ్గర పెట్టి చూశాను,
బ్లీచ్ వాసన పోయేదాకా.
నీ నీళ్లు పోయాయి, నీ నత్తలు, నీ నాచు, నీ ముడి.
ఇంకేం మిగిలిందని ఇది నీ మొక్క?

మూడో ఆకు మీద ఒక గండి ఉంది, గోటి కొనంత.
నీ ముసలి చేప కొరికింది.
"ఉప్పు తక్కువైందిట దొరగారికి" అనేవాడివి ఆదివారాల్లో.
అనూబియాస్ ఆకుకి పడిన గండి పూడదు.
కొత్త ఆకు పక్కన వస్తుంది,
నెలకొకటి, బద్ధకంగా.

ఆ వైపు గాజుకేసి తిప్పి నాటాను.
దారం తెల్లది. ముడి నాదే,
బ్యాండేజీ ముడి.