రెండో దశలో

మార్చి ముప్పై ఒకటి. రాత్రి ఏడున్నర.
ముషీరాబాద్ ఆఫీసు మూడో అంతస్తులో
ఫ్యాన్లు కూడా అలసిపోయి
కాగితాల అంచుల్ని మాత్రం కదిలిస్తున్నాయి.
పన్నెండు కొడితే గ్రాంటు మురిగిపోతుంది.
మా భాషలో ఆ మాటే వాడతాం,
పెళ్లి మర్నాటి పప్పుచారుకి వాడినట్టు,
ముక్కు మూసుకోకుండా.

పదిహేడేళ్లలో నేను ఒక్క బస్సూ నడపలేదు,
ఒక్క టికెట్టూ చింపలేదు.
బస్సు కదిలేముందు కదలాల్సినవాటిని కదిలించాను:
బ్యాంకు గ్యారంటీ, ధరావతు సొమ్ము,
సీలు వేసిన కవర్లు,
"తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అనే వాక్యాన్ని
ఈ బల్ల నుంచి ఆ బల్లకి.
మా అమ్మాయి బడిలో రాసింది:
అమ్మ బస్సుల్లో పనిచేస్తుంది, కండక్టరు కాదు, ఇంకేదో.

మొగులయ్య పొద్దుటినుంచీ స్టూలు వదల్లేదు.
ముప్పైరెండు షెల్టర్ల కాంట్రాక్టరు.
జేబులో మూడు పెన్నులు, ఒక్కటీ రాయదు.
"మేడమ్, ఇనుము రేటు తెలుసు గదా మీకు.
ఇయ్యాల బిల్లు పోకుంటే
కూలోళ్లు నా ఇంటి ముందల కూసుంటరు."
కూర్చుంటారు. అబద్ధం కాదు.
పనీ అబద్ధం కాదు. రేకులు సరైన మందమే,
కొలతల పుస్తకం నేనే చూశాను.

మిగిలింది వినియోగ ధ్రువపత్రం.
"ఏ పనికి మంజూరైనదో ఆ పనికే
పూర్తిగా ఖర్చయినదని ఇందుమూలముగా..."
సంతకానికి ముందు ఫైలు ఒకసారి వెనక్కి తిప్పడం
నాకున్న ఒకే ఒక చెడ్డ అలవాటు.

నలభై ఒకటో పేజీ. మూడేళ్ల కిందటిది.
అంచనా ఆరు లక్షలు దాటింది, ఏదైనా తగ్గించమన్నారు.
గుండ్రటి అక్షరాలు, నావే:
"కూర్చొను బల్లలు రెండో దశలో పరిశీలించవచ్చును."
పక్కన ఆకుపచ్చ సిరాతో
సార్ పెట్టిన టిక్కు. ఆ రోజు నాకు
క్యాంటీన్ నుంచి చాయ్ కూడా తెప్పించారు.

రెండో దశ అనే ఊరికి
మా డిపోల్లో దేన్నుంచీ బస్సు లేదు.

నిన్న గాంధీ దవాఖానా స్టాపులో
కొత్త రేకు కింద నిలబడ్డాను.
వెనక వెలిగే ప్రకటనలో ఒక పిల్ల
పరుపు మీద ఎగురుతోంది.
కింద ఒకామె, అరవై ఉంటాయేమో,
ఎక్స్‌రే కవరు నేలమీద పరుచుకుని
దానిమీద కూర్చుంది,
ఎవరి ఎముకల మీదో, తనవేనేమో.
"బిడ్డా, ఉప్పల్ బస్సు పోయిందా?"
ఇంకా రాలేదన్నాను.
ఆ ఒక్క సమాధానమే నా దగ్గరుంది.
బస్సొచ్చాక లేవడానికి ఆమె
నా చెయ్యి పట్టుకుంది. బరువు లేదు.
కవరు మాత్రం మరవలేదు, దులిపి
చంకలో పెట్టుకుంది.

జూన్‌లో రిటైరయ్యే జహంగీర్ సాబ్
కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు:
"సోచ్‌తే సోచ్‌తే పన్నెండు చేస్తవ్ బేటీ.
సంతకం పెట్టు. పైసలు పోతే మల్ల రావు,
రేకులు గూడ రావు."

పెట్టాను.
మొగులయ్య దండం పెట్టబోతే
ఫైలు అడ్డం పెట్టుకున్నాను.
అది పుణ్యం కాదు, పాపమూ కాదు,
తొమ్మిదికి ఐదు నిమిషాలు.

అందరూ వెళ్లాక
అటెండరు భారతమ్మ లైట్లార్పడానికొచ్చి
నన్ను చూసి ఒకటి వదిలేసింది.
సొరుగులోంచి కొత్త అట్ట తీశాను,
తెల్లటి ట్యాగు దూర్చాను.
ఏప్రిల్ తేదీ వేయాలి, ఇంకా మార్చే.

విషయం: కూర్చోవడం – గురించి.

కింద "సూచిక" అని రాసి ఆగిపోయాను.
ఏ ఉత్తరం, ఏ నంబరు, ఎవరి విన్నపం?
ఆమె పేరు నేను అడగలేదు.