తగిలింది

సెగెడ్‌లో, ఫెన్సింగ్ హాలు వెనకగదిలో
తీగలు అతికేవాణ్ణి నేను.
మా కాలంలో ఇక్కడ దీపాల్లేవు.
మొన తాకితే, తాకించుకున్నవాడే
చెయ్యెత్తి "తగిలింది" అనేవాడు,
ఓడిపోతూ కూడా, గట్టిగా.

ఇవాళ పద్నాలుగు–పద్నాలుగు.
బొరోకా పక్కటెముక మీద
ఎదుటి పిల్ల కత్తి విల్లులా వంగడం చూశాను.
దీపం వెలగలేదు.
బొరోకా చెయ్యి సగం లేచింది.
కోచ్ తల అడ్డంగా ఊపాడు,
ఈగను తోలినట్టు.
చెయ్యి దిగింది.
తర్వాతి పోటు ఆమెది. పతకమూ.

ఆ కత్తి నా బల్లమీదికొచ్చింది.
మొన దగ్గర తీగ
ఊపితే కలుస్తోంది, వదిలితే తెగుతోంది.
అతికాను. దీపం వెలిగింది,
ఎవరికోసమో.

బయట ట్రామ్ స్టాపులో
పతకం జేబులో కుక్కుకుని
బొరోకా పక్కటెముక తడుముకుంటోంది.
చలికి అనుకుందామంటే
కోటు గుండీలే పెట్టుకోలేదు.