సంబోధన

నెబ్రాస్కాలో, చర్చి నేలమాళిగలో మా బడి.
పదకొండు మంది పిల్లలు. లాటిన్, తర్కం, పాత పద్యాలు.
తలుపు మీది అట్ట నేనే రాశాను:
"సత్యం, శీలం, సౌందర్యం."
ఆ అక్షరాల వంపు చూసుకుని నేనే మురిశాను.

మంగళవారం ఎల్విరా వచ్చింది,
మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి,
రబ్బరు బూట్లతోనే.
పెదాలు కదుపుతూ అట్టంతా చదివింది.
"బాగుంది," అంది.
కాసేపాగి,
"బస్సు వస్తుందా? మావాడికి నత్తి.
నవ్వుతారేమో?"

నా దగ్గర ఆరు విభక్తులున్నాయి.
ఆమె కూర్చోవడానికి ఒక కుర్చీ లేదు.
సంబోధన పిలవడానికని
తొమ్మిదేళ్లుగా బల్ల గుద్ది చెబుతున్నాను;
ఏ ఒక్క తల్లినీ పేరు పెట్టి పిలిచింది లేదు.

ఆమె వెళ్లాక అట్ట తిరగేశాను.
పెన్సిలుతో,
"బస్సు లేదు. ఏడున్నరకి నా ట్రక్కు వస్తుంది.
ఇక్కడ పద్యం ఎంత మెల్లగానైనా చెప్పొచ్చు.
నవ్వితే నాతో చెప్పండి."

"ఇదేం, సంతలో బోర్డులా," అన్నాడు
హెడ్మాస్టర్ ఓడెగార్డ్.
నిజమే.
సంతకి జనం వస్తారు.

బుధవారం చీకటితోనే లేచి
పక్క సీటు మీది మొక్కజొన్న పొట్టు దులిపాను.
వాడి పేరు అడగడం మరిచిపోయాను.