దురదగొండి కషాయం

షెఫీల్డ్‌లో మూతపడ్డ ఉక్కు మిల్లు వెనక,
డాన్ నది గట్టున,
రెండు జతల గ్లౌజులు తొడుక్కుని
దురదగొండి ఆకు కోస్తున్నాను.
కుక్కను తిప్పుతున్న ముసలాయన ఆగాడు.
"సూప్‌కా?"
"జింకుకి."
నవ్వలేదాయన. ముప్పై ఏళ్లు కొలిమి ముందు నిలబడ్డవాడట,
లోహానికీ ఆకలేస్తుందని తెలిసినట్టే తలూపాడు.

కడిగి, మరిగించి, వడగట్టాను.
మిరియాలు మర్చిపోయిన చారు రంగు.
జింక్ నైట్రేట్‌లో చుక్కచుక్కగా వదులుతుంటే
బీకరు మబ్బు పట్టింది.
పక్క బెంచీ మీద బెవర్లీ పాత పద్ధతి సీసాలు సర్దుతోంది,
ఎర్రగడిలో నల్ల పుర్రె ఉన్నవి,
మూత తీస్తే కళ్లు మండేవి.
నా దగ్గర మాత్రం వాన వెలిసిన పెరటి వాసన.

కొలిమిలో నాలుగు వందల డిగ్రీలు, రెండు గంటలు.
మిగిలింది చిటికెడు తెల్లపొడి.
నుదుట పెట్టుకుంటే విభూతే అనుకుంటారు.
వెంట్రుక అడ్డకొలతలో
మూడు వేలు సర్దుకునేంత రేణువులు.

అక్టోబరులో మళ్లీ కోశాను.
అదే గట్టు, అదే తూకం, అదే మంట.
ఈసారి తడిసిన అటుకుల్లా
ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయాయి.
"ఎందుకు మారింది?" అని అడిగారు
పేపరు దిద్దేవాళ్లు.

ఏం రాయను?
లేత ఆకు మాట వేరు, పూత దాటిన ఆకు మాట వేరు.
సీసా మందుకి కార్తెలు తెలియవు.

గ్లౌజు చిరిగినచోట, బొటనవేలి పక్కన
దద్దురు ఇంకా చురుక్కుమంటోంది.
నోటుబుక్కులో తేదీ పక్కన
కొత్తగా ఒక గడి గీశాను:
రాత్రి వాన పడిందా?